స్కూల్లో ప్రైడ్ కథల పుస్తకాలు, ఆప్ట్ అవుట్: మనవాళ్లు ఏం చేస్తున్నారు?

క్లార్క్స్‌బర్గ్_అమ్మ

మేరీల్యాండ్‌లో, ముఖ్యంగా మాంట్‌గమరీ కౌంటీలో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లని అడుగుతున్నా. మా పాప రెండో క్లాసు. అమెరికా సుప్రీం కోర్టు తీర్పు తర్వాత, ఎల్‌జీబీటీక్యూ (స్వలింగ జంటల లాంటి) పాత్రలున్న ఆ పుస్తకాలు చదివే ముందు ఇంటికి చెప్పాలి, వద్దంటే ఆ కాసేపు పిల్లని వేరే చోట కూర్చోబెట్టాలి (అదే ఆప్ట్ అవుట్) అని వచ్చింది కదా. మా ఆయన "వద్దని రాసి పడేయ్, ఇందులో ఆలోచించేదేముంది" అంటారు. నాకేమో క్లాసులో అందరూ కూర్చుని ఉంటే ఇదొక్కతే లేచి బయటికి వెళ్తే పక్క పిల్లలు ఏమడుగుతారో, ఇది ఏం చెబుతుందో అని టెన్షన్. ఆ పుస్తకాల్లో ఏముందో వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్లు తప్ప నేనేమీ చూడలేదు. తిట్టుకోకుండా చెప్పండి ప్లీజ్. మీరు వద్దని రాశారా? రాస్తే పిల్లలకి ఏమని చెప్పారు?

మమకారం_గుంటూరు

అడగడానికేముందండీ, కళ్లు మూసుకుని రాసేయండి. లెక్కలు సరిగ్గా రావడం లేదని మనం డబ్బులు పోసి వారం వారం ట్యూషన్లకి తిప్పుకుంటున్నాం, వీళ్లేమో అయిదేళ్ల పిల్లలకి ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకోవచ్చో చెప్తారట. ప్రైడ్ నెల అని జూన్ వచ్చిందంటే చాలు గోడల నిండా జెండాలు, రిబ్బన్లు. పెద్దయ్యాక ఎవరిష్టం వాళ్లది, నేను కాదనను, మా ఆఫీసులోనూ ఉన్నారు, కలిసే భోంచేస్తాం. కానీ ఇలాంటివి ఏ వయసులో, ఎలా చెప్పాలో తల్లీతండ్రీ చూసుకుంటారు. కౌంటీ పెత్తనమేంటి మధ్యలో?

లా_బాబాయ్

అమ్మా, ముందు కేసు సంగతి తెలుసుకోండి. ఎందుకంటే మన గ్రూపుల్లో తిరుగుతున్న కథల్లో సగం కోర్టు ఆ పుస్తకాల్ని నిషేధించిందని ఉంటే, మిగతా సగం స్వలింగ జంటల మీదే ఏదో తీర్పిచ్చిందని ఉంది. రెండూ జరగలేదు.

మాంట్‌గమరీ స్కూల్ బోర్డు 2022లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్ ముందు క్లాసు) నుంచి అయిదో క్లాసు దాకా ఇంగ్లీషు పాఠాల్లోకి ఎల్‌జీబీటీక్యూ పాత్రలున్న కొన్ని కథల పుస్తకాలు తెచ్చింది. మొదట్లో ఇంటికి చెప్పేవాళ్లు, వద్దన్నవాళ్ల పిల్లల్ని పక్కకి పంపేవాళ్లు. 2023 మార్చిలో ఉన్నట్టుండి, వచ్చే విద్యా సంవత్సరం నుంచి చెప్పడమూ ఉండదు, పంపడమూ ఉండదు అన్నారు. ఎందుకయ్యా అంటే, వద్దనేవాళ్లు మరీ ఎక్కువైపోయారు, మేం సంబాళించలేకపోతున్నాం, పైగా ఇంతమంది లేచి వెళ్తుంటే ఎల్‌జీబీటీక్యూ కుటుంబాల పిల్లలు చిన్నబోతున్నారు అని. ఆ మేలో ముస్లిం, కాథలిక్, ఉక్రేనియన్ ఆర్థడాక్స్ తల్లిదండ్రులు కలిసి కేసు వేశారు. అదే మహమూద్ వర్సెస్ టేలర్. కింది కోర్టులో ఓడారు, 2024లో అప్పీల్ కోర్టులోనూ 2-1తో ఓడారు. 2025 జూన్ 27న సుప్రీం కోర్టులో 6-3తో గెలిచారు. గెలిచారంటే, కేసు పూర్తిగా తేలేదాకా ముందుగా చెప్పాలి, అడిగినవాళ్ల పిల్లల్ని మినహాయించాలి అని మధ్యంతర ఉత్తర్వు. పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ అలీటో ప్రధానంగా ఆనుకున్నది 1972 నాటి యోడర్ కేసు మీద. అప్పట్లో ఆమిష్ వాళ్లు (పాతకాలపు పద్ధతిలో బతికే ఒక క్రైస్తవ శాఖ) ఎనిమిదో క్లాసు దాటాక మా పిల్లల్ని స్కూలుకి పంపం, మా విశ్వాసం ఒప్పుకోదు అంటే కోర్టు సరేనంది. ఇక్కడ ఆయన వాదన ఏమిటంటే, ఈ పుస్తకాలు ఊరికే "లోకంలో ఇలాంటివాళ్లూ ఉన్నారు" అని చూపించి ఊరుకోవడం లేదు, కొన్ని విలువల్ని సంబరంగా, వాటికి ఎదురు విలువల్ని వదిలేయాల్సినవిగా చూపిస్తున్నాయి, వింటున్నది ఊహ తెలియని పిల్లలు, చెప్తున్నది వాళ్లు దేవుడిలా చూసే టీచరు అని (దేవుడు అన్నది నా మాట, ఆయనది కాదు).

ఇందులో నాకు నవ్వొచ్చేదొకటుంది. మేరీల్యాండ్‌లో సెక్స్ ఎడ్యుకేషన్ పాఠాలకి ఆప్ట్ అవుట్ ఎప్పట్నుంచో ఉంది. ఈ పుస్తకాల్ని ఇంగ్లీషు సబ్జెక్టులో పెట్టారు కాబట్టి ఆ వెసులుబాటు వర్తించలేదు. హెల్త్ క్లాసులో పెట్టి ఉంటే ఈ కేసే ఉండేది కాదేమో.

జర్మన్‌టౌన్_నాన్న

నేను 2023లో రాక్‌విల్‌లో బోర్డు ఆఫీసు బయట నిలబడ్డవాళ్లలో ఉన్నా. టీవీలో చూసి ఎవరో తీవ్రవాద క్రైస్తవులు అనుకున్నారు మా ఆఫీసులో. ఎక్కువమంది ముస్లిం కుటుంబాలు, తెల్ల ఓణీలు కప్పుకున్న ఇథియోపియన్ అమ్మలు, స్ట్రోలర్లలో పిల్లలు. దాదాపు అందరూ మనలాగే వలస వచ్చినవాళ్లు. ఒక కౌంటీ కౌన్సిల్ సభ్యురాలైతే ఈ ముస్లిం కుటుంబాలు వైట్ సుప్రీమసిస్టుల (తెల్లజాతి ఆధిపత్యవాదుల) పక్కన చేరినట్టయింది అని నోరుజారి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. మన తెలుగువాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మనకి వాట్సాప్‌లోనే వీరత్వం.

నేను ఆ పుస్తకాలకి వ్యతిరేకం కాదని మొదటే చెప్తున్నా, ఒకటి రెండు చదివా కూడా. నాకు కాలిందల్లా "మీకు చెప్పం" అన్న మాట దగ్గర. ఫీల్డ్ ట్రిప్పుకి సంతకం కావాలి, ఫోటో తీయాలంటే సంతకం కావాలి. దీనికి మాత్రం నాకు చెప్పను కూడా చెప్పరా?

టీచరమ్మ_పక్కకౌంటీ

నేను పక్క కౌంటీలో పారా ఎడ్యుకేటర్‌ని, అంటే క్లాసులో టీచరుకి సాయంగా ఉంటా. క్లాసులో ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే బయట ఊహించుకునేది వేరే.

పిల్లలు కార్పెట్ మీద కూర్చుంటారు. టీచర్ పుస్తకం బొమ్మలు వాళ్లవైపు ఉండేలా పట్టుకుని చదువుతారు. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఈ కేసులో బాగా వినిపించిన అంకుల్ బాబీస్ వెడ్డింగ్ మేం కూడా చదివాం. క్లోయీ అనే పాపకి బాబీ మామయ్య అంటే ప్రాణం, ఆయన జేమీని పెళ్లి చేసుకుంటే నాతో ఆడుకోడేమో అని బెంగ. జేమీ మగవాడు. కథలో ఎవరూ దాని గురించి చర్చించరు, గొడవంతా పాప బెంగ గురించే. జస్టిస్ సోటోమేయర్ తన అసమ్మతి తీర్పు చివర ఆ పుస్తకం మొత్తం జతచేశారు, ఇదిగో మీరే చదువుకోండి అన్నట్టు. మా పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న పెళ్లికేకు ఏ ఫ్లేవర్ అని. రెండోది కుక్కపిల్లని పెళ్లికి తీసుకెళ్లొచ్చా అని. మూడో ప్రశ్న రాలేదు.

అలాగని అన్నీ అంత అమాయకంగా ఉన్నాయని నేను అనను. ఆ కౌంటీలో చిన్నపిల్లల అక్షరాల పుస్తకం ఒకటి ఉండేది, ప్రైడ్ పరేడ్‌లో కుక్కపిల్ల తప్పిపోయే కథ, చివర వెతకమని ఇచ్చిన పదాల్లో లెదర్, డ్రాగ్ క్వీన్ (ఆడవేషం కట్టి ప్రదర్శనలిచ్చేవాళ్లు) లాంటివి ఉన్నాయి. నాలుగేళ్లవాడికి అవెందుకు? బోర్డే తర్వాత దాన్ని తీసేసింది. ఇంకోటి, టీచర్లకిచ్చిన సూచనలు. "అమ్మాయికి అబ్బాయిలే నచ్చాలి" అని ఎవరైనా పిల్ల అంటే, అయితే ఇది లేకపోతే అది అనే ఆ ఆలోచనని కదిలించండి అని రాశారు. నేనైతే ఆ చోట "ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది నాన్నా" అని పేజీ తిప్పేస్తా. ఇంట్లో అమ్మ చెప్పింది తప్పని తేల్చే పని నాకొద్దు, అంత జీతం కూడా ఇవ్వరు.

కానీ ఒక్క మాట. మా దగ్గర ఇద్దరమ్మలున్న బాబు ఒకడున్నాడు. పేరెంట్స్ డే రోజు ఇద్దరూ వస్తారు. కథలో ఇద్దరమ్మలు రాగానే ఆరుగురు పిల్లలు లేచి లైబ్రరీకి వెళ్తే వాడు ఏమనుకోవాలి? ఇది నాకు తెగని లెక్క.

మమకారం_గుంటూరు

టీచరమ్మ గారూ మీరు మంచివారు కాబట్టి పేజీ తిప్పేస్తారు. తిప్పనివాళ్ల సంగతేంటి? అందుకే కదా కాయితం కావాలనేది.

ఇక్కడే_పుట్టా

ఎప్పుడూ చదువుతాను, రాయడం తక్కువ. నాకు ఇరవైల చివర్లో వయసు, ఈస్ట్ కోస్ట్‌లోనే పెరిగా, అమ్మానాన్నలది కృష్ణా జిల్లా. నేను గే.

నా టైమ్‌లో స్కూల్లో ఇలాంటి పుస్తకం ఒక్కటీ లేదు. ఒక కౌన్సిలర్ గది తలుపు మీద చిన్న ఇంద్రధనస్సు స్టిక్కర్ ఉండేది, అంతే. నేను లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. కానీ లంచ్‌కి పోయేటప్పుడు ఆ కారిడార్‌లోంచే పోయేవాణ్ని, దూరమైనా సరే.

మీరంతా స్కూలు పిల్లలకి ఏం నేర్పిస్తుందో అని మాట్లాడుతున్నారు. మన తెలుగు సంఘం సంక్రాంతి ప్రోగ్రాం గురించి చెప్తా. హైస్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుంటారు, పిల్లల డాన్సులు అయ్యాక అంకుల్స్ స్కిట్. మా ఊళ్లో దాదాపు ప్రతి ఏడూ ఒక అంకుల్ చీర కట్టుకుని, నడుము తిప్పుకుంటూ వచ్చేవాడు, ఇంకో అంకుల్ ముట్టుకోబోయి "ఛీ ఛీ తేడా కేసు" అనేవాడు. హాలంతా ఈలలు. మా నాన్న మూడో వరసలో కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు. నాకు పన్నెండేళ్లు, పక్క సీట్లో పులిహోర ప్లేటు పట్టుకుని కూర్చున్నా. పిల్లలకి సెక్సువాలిటీ గురించి చెప్పే వయసు కాదంటున్నారుగా, నాకు చెప్పింది మీరే, స్టేజీ ఎక్కి మైకులో చెప్పారు. దాని నుంచి నన్ను తప్పించడానికి ఎవరూ ఏ ఫారమూ ఇవ్వలేదు.

మమకారం_గుంటూరు

తమ్ముడూ నీకు బాధ కలిగింది, కాదనను. కానీ స్కిట్ కామెడీ, క్లాసు పాఠం. రెండూ ఒకటెలా అవుతాయి? స్కిట్‌కి ఇష్టం లేకపోతే బయటికెళ్లి టీ తాగొచ్చు. స్కూలు నుంచి పిల్లాడు బయటికి వెళ్లలేడు, వెళ్తే ట్రూయన్సీ (బడి ఎగ్గొట్టడం) అంటారు. ఇప్పుడు స్కిట్లకి కూడా ముందు నోటీసివ్వాలా ఏంటి?

ఇక్కడే_పుట్టా

ఇచ్చుంటే బాగుండేది.

జర్మన్‌టౌన్_నాన్న

ఆ స్కిట్లు నేనూ చూశా, ఒక ఏడాది కమిటీలో కూడా ఉన్నా. కామెడీ అని తీసేయడానికి లేదు మమకారం గారూ. మా అబ్బాయి స్కూల్లో ఎవరైనా ఇండియన్ యాసని వెక్కిరించి "జోక్" అంటే మనం ప్రిన్సిపాల్ దగ్గరకి పరిగెత్తుతాం.

అయినా తమ్ముడూ, స్కిట్ తప్పు కాబట్టి స్కూలు నాకు చెప్పకుండా ఏదైనా చదివించొచ్చు అని నువ్వు అనడం లేదు కదా?

ఇక్కడే_పుట్టా

అనడం లేదు అంకుల్. చెప్పమనండి, జాబితా పంపమనండి. నా పేచీ చెప్పిన తర్వాత జరిగే దాని గురించి. టీచర్ గారు చెప్పిన బాబు ఉన్నాడు కదా, లేచి వెళ్లే ఆరుగురిలో కూడా ఒకడు నాలాంటివాడు ఉండొచ్చు. వాడికి ఆరేళ్లకే అర్థమవుతుంది, ఇంట్లో ఇది మాట్లాడకూడని సంగతి అని. నేను ఇంట్లో చెప్పేసరికి ఇరవై నాలుగేళ్లు. అప్పటికే మూడు సంబంధాలు చూసిపెట్టారు, ఒకరింట్లో కాఫీ కూడా తాగి వచ్చారు.

ఇంకా, ప్రైడ్ అసెంబ్లీలు నాకూ పెద్దగా నచ్చవు. ప్రిన్సిపాల్ రంగుల టోపీ పెట్టుకుని డాన్స్ చేస్తే నాకేం ఒరుగుతుంది. లాకర్ రూమ్‌లో నన్ను తిట్టినవాణ్ని ఒక్కసారి పిలిచి అడిగితే చాలనిపించేది.

పప్పుచారు_పండు

మేం శాకాహారులం. మా పెద్దమ్మాయి ఏడో క్లాసులో కప్పని కోయనని చెప్పింది. టీచర్ సరేనని కంప్యూటర్‌లో చేసే వర్చువల్ డిసెక్షన్ ఇచ్చారు, మార్కులూ తగ్గలేదు. కోసిన పిల్లల్ని అవమానించినట్టు ఎవరూ అనుకోలేదు. దీన్నీ అలా తీసుకుంటే గొడవే లేదు కదా?

టీచరమ్మ_పక్కకౌంటీ

కప్ప మీ అమ్మాయి పక్కన కూర్చుని లంచ్ తినదు కదండీ.

పప్పుచారు_పండు

అది నిజమే అనుకోండి. కానీ హద్దు ఎక్కడన్నది కావాలి కదా. రేపు ఇంకెవరో ఇంకోదానికి వద్దంటారు.

లా_బాబాయ్

సరిగ్గా సోటోమేయర్ అడిగింది అదే. కేగన్, జాక్సన్ ఆవిడతో కలిశారు. పిల్లల పుస్తకాల్లో మతాంతర వివాహం, మాంసం తినడం, ఒళ్లు కనపడే బట్టలు, ఆడవాళ్ల హక్కులు, ఇలా ఎవరి నమ్మకానికో తగలని విషయం ఏముంటుంది, అన్నిటికీ నోటీసులిస్తూ పోతే బడి నడుస్తుందా అని. మాంసం అన్న మాట చూసి నాకు మన కమ్యూనిటీనే గుర్తొచ్చింది. మెజారిటీ జడ్జీలు దీన్ని పట్టించుకోలేదు, దేశంలో చాలాచోట్ల ఆప్ట్ అవుట్లు ఉన్నాయి, ఎక్కడా కొంపలు మునగలేదు, మీ కౌంటీయే వేరే క్లాసులకి ఇస్తోందిగా అన్నారు. నా మటుకు నేను తీర్పు సరైందే అనుకుంటా, కానీ హద్దు ఎక్కడో వాళ్లు గీయలేదు. ఆ గీత కోసం ఇంకో పదేళ్లు కేసులు నడుస్తాయి, లాయర్లకి పండగ.

ఫ్రిస్కో_బిర్యానీ

మీరు మేరీల్యాండ్ గురించి ఇంత తర్జనభర్జన పడుతున్నారు, ఓసారి టెక్సస్ రండి. ఇక్కడ ఎస్‌బీ 12 అని 2025లో చట్టం తెచ్చారు, సెప్టెంబరు 1 నుంచి అమలు. స్కూళ్లలో ఈ విషయాలు అసలు బోధించకూడదు, గే-స్ట్రెయిట్ క్లబ్బులు ఉండకూడదు, ఇంకే క్లబ్బులో చేరాలన్నా అమ్మానాన్నల అనుమతి ఉండాలి. దాని మీద కేసు కూడా వేశారు. పేరు చూస్తే తల్లిదండ్రుల హక్కులు. బాగానే ఉందనుకున్నాం. బడి తెరిచాక చూస్తే నర్సులకి పిల్లాడికి బ్యాండ్ ఎయిడ్ వేయొచ్చా, దానికీ అనుమతి కావాలా అని అనుమానం! మావాడు మోకాలు దోక్కుపోయి ఇంటికొస్తే మా ఆవిడ అంది, హక్కులు మరీ ఎక్కువైనట్టున్నాయి అని.

సీరియస్‌గా, నా హక్కు నా పిల్లాడి వరకే కదా. పక్కింటివాళ్లు తమ అమ్మాయి ఆ క్లబ్బుకి వెళ్లొచ్చు అని ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నా క్లబ్బే ఉండకూడదంటే, మరి ఆ తల్లిదండ్రుల హక్కేమైంది? మేరీల్యాండ్‌లో కోర్టు ఇచ్చింది ఆప్ట్ అవుట్. ఇక్కడ మావాళ్లు ఇచ్చింది అందరికీ కలిపి ఒకే అవుట్.

మమకారం_గుంటూరు

బ్రో క్లబ్బు ఇంట్లో పెట్టుకోమనండి, స్కూలు నా ప్రాపర్టీ టాక్సుతో నడుస్తోంది.

ఫ్రిస్కో_బిర్యానీ

వాళ్లూ కడుతున్నారు బ్రో, నీకంటే పెద్ద ఇల్లు వాళ్లది.

కరీంనగర్_పోరి

నేను హైదరాబాద్‌లోనే ఉంట, అమెరికా సంగతి నాకు తెల్వది గానీ ఇక్కడి సంగతి రెండు చెప్పనా?

2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల్ని బడిలో ఎట్ల కలుపుకోవాలె అని టీచర్ల కోసం ఒక మాన్యువల్ పెట్టింది. పిల్లలకి కాదు, టీచర్లకి. బాలల హక్కుల కమిషన్ లేఖ రాయంగనే వెబ్‌సైట్‌లకెళ్లి తీసేసిన్రు. మన దగ్గర ఆప్ట్ అవుట్ దాకా రాదు ముచ్చట, ముందే మాయమైతది. ఆప్ట్ అవుట్ అడగాలన్నా ముందు పాఠమంటూ ఒకటి ఉండాలె కదా.

ఇంకోటి, అడిగి బయట నిలబడే హక్కు మన దగ్గర లేదనుకోకుండ్రి. రాజ్యాంగం 28(3) ప్రకారం సర్కారు గుర్తింపు ఉన్న బళ్లో మతబోధకి, ప్రార్థనకి పిల్లగాడు పోవాలంటే ఇంటోళ్లు ఒప్పుకోవాలె. 1986లో కేరళ కేసు ఒకటుంది, బిజో ఇమ్మాన్యుయేల్. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ ఇంటి పిల్లలు ముగ్గురు జనగణమన వస్తుంటే లేచి నిలబడతరు గానీ పాడరు. బళ్లోకెళ్లి తీసేస్తే సుప్రీం కోర్టు మళ్లా చేర్పించింది. ఆ తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి పోయిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. సహనం మన సంప్రదాయం, దాన్ని పలచన చేయొద్దు అని ఆఖర్ల రాసిండు. మీ అందరికీ పనికొచ్చే మాటే, ఎవరి వైపున్నా.

జర్మన్‌టౌన్_నాన్న

చిన్నప్పరెడ్డి గారి తీర్పు ఇక్కడికి లాక్కొచ్చినందుకు దండం తల్లీ. ఆ పిల్లలు లేచి నిలబడ్డారు చూడండి, ఎవర్నీ అగౌరవపరచలేదు. నేను అడిగేది అంతే.

మూడోతరగతి_తల్లి

బాబాయ్ గారూ, మరి జూన్ సంబరాలకి ఈ తీర్పు వర్తిస్తుందా? క్లాసులో జెండా, అనౌన్స్‌మెంట్లు, రంగు బట్టల రోజు లాంటివి? మా బాబు స్కూల్లో ఒక వారం రోజుకో రంగు వేసుకు రమ్మన్నారు, నాకు రంగులతో పేచీ లేదు, ఉతికిన బట్టలు దొరకడమే కష్టం.

లా_బాబాయ్

నేరుగా కాదు. కోర్టు ముందున్నది చిన్నపిల్లలకి టీచరు చదివి వినిపించే, చర్చించే పుస్తకాల సంగతి. గోడ మీద జెండా, టీచర్ టేబుల్ మీద భార్య ఫోటో, భోజనాల వేళ కలుసుకునే క్లబ్బు, వీటి గురించి తీర్పు ఏమీ తేల్చలేదు. రేపు ఎవరో వేస్తారు కేసు. అసెంబ్లీలో అందర్నీ కూర్చోబెట్టి చేస్తే పాఠం కిందికి వస్తుందని ఒక లాయరు అంటే, జెండా చూడటం పాఠం ఎలా అవుతుందని ఇంకో లాయరు అంటాడు.

ఫ్లోరిడాలోనూ ఇదే తంతు. 2022 చట్టం మూడో క్లాసు దాకా ఈ విషయాల మీద బోధన వద్దంది. టీచర్లు భయపడి టేబుల్ మీద ఫోటోలు తీసేశారు, లైబ్రరీ పుస్తకాలు దాచారు. చివరికి 2024 మార్చిలో రాజీ కుదిరింది, పాఠం చెప్పడమే నిషేధం, ఊరికే మాట్లాడుకోవడం, క్లబ్బులు నిషేధం కాదని. బోధనకీ ప్రస్తావనకీ మధ్య తేడా చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

సంబరాల మీద అసలు పేచీ కాలిఫోర్నియాలో చూడాలి. 2023 జూన్‌లో గ్లెండేల్‌లో స్కూల్ బోర్డు ప్రైడ్ నెలని గుర్తిస్తూ తీర్మానం పెట్టిన రోజు బయట జనం కొట్టుకున్నారు, పోలీసులు అరెస్టులు చేశారు. వచ్చినవాళ్లలో ఆర్మేనియన్ కుటుంబాలు చాలామంది. అదే తీర్మానం అంతకుముందు ఏళ్లలో చప్పుడు లేకుండా పాసయింది. కాబట్టి తీర్మానంలో కొత్తేమీ లేదు, ఊళ్లో గాలి మారింది.

క్లార్క్స్‌బర్గ్_అమ్మ

చాలా విషయాలు తెలిశాయి, థాంక్స్ అందరికీ. ఒక డౌటు. ఇది మతస్వేచ్ఛ కింద వచ్చిన తీర్పు అంటున్నారు. నేను వద్దని రాయాలంటే "మా మతం ఒప్పుకోదు" అని రాయాలా? నిజం చెప్పాలంటే మా మతం ఏమంటుందో నాకే తెలీదు. మా అత్తగారు "మనలో శిఖండి లేడా, బృహన్నల లేడా" అంటారు, ఆవిడే టీవీలో ఏదైనా వస్తే ఛానల్ మార్చేస్తారు.

ఇక్కడే_పుట్టా

ఆంటీ, శిఖండి అందరిళ్లల్లోనూ ఉన్నాడు, కొడుకు మాత్రం అలా ఉండకూడదు. మా ఇంట్లోనూ ఇదే డైలాగ్.

లా_బాబాయ్

అమ్మా, శాస్త్రం చూపించమని ఎవరూ అడగరు. అమెరికన్ కోర్టులు నమ్మకం నిజాయితీగలదా కాదా అన్నదాకే చూస్తాయి, మీ మతంలో అది ఉందా లేదా అని తేల్చే జోలికి పోవు. అయితే ఒట్టి "నాకు నచ్చలేదు", "వయసు చాలదు" అన్నది ఈ తీర్పు కిందికి రాదు. మమకారం గారి వాదన చూడండి, మొదట్నుంచీ వయసు గురించీ, పెత్తనం గురించే, దేవుడి పేరు ఒక్కసారీ రాలేదు. రాజ్యాంగం లెక్కన ఆ కాథలిక్ తల్లికి ఉన్న బలం ఈయనకి లేదు. కౌంటీ మాత్రం గొడవెందుకని అందరికీ ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, కారణం అడక్కుండా.

మమకారం_గుంటూరు

నాకు దేవుడున్నాడు బాబాయ్, వెంకన్న. ఆయన్ని ఇందులోకి లాగడం ఇష్టం లేక ఊరుకున్నా.

అడ్మిన్

ఒక కామెంటు తొలగించాం, ఒక సభ్యుడి తల్లిదండ్రుల పెంపకం గురించి రాసినందుకు. ఆ మాట అన్నవారికి ఇది మొదటి హెచ్చరిక. మిగతావాళ్లు కానివ్వండి.

టీచరమ్మ_పక్కకౌంటీ

క్లార్క్స్‌బర్గ్ చెల్లీ, నువ్వడిగిన రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు, పిల్లకి ఏం చెప్పాలని. నేను చూసినంతలో, ఇంట్లో ముందే మాట్లాడి పంపిన పిల్లలు "మా ఇంట్లో అమ్మ చదువుతుంది ఈ పుస్తకం" అని ధీమాగా వెళ్లిపోతారు. ఏమీ చెప్పకుండా పంపితే ఏదో తప్పు చేసినట్టు మొహం వేలాడేసుకుని వెళ్తారు, టీచరుకి కోపమొచ్చిందా అని నన్ను అడుగుతారు. వాళ్లు వెళ్లేది లైబ్రరీకో పక్క క్లాసుకో, ఒక వర్క్‌షీటు ఇస్తారు. రాయాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ పుస్తకం ఒకసారి పబ్లిక్ లైబ్రరీ నుంచి తెచ్చి నువ్వు చదువు. పది నిమిషాల పని.

క్లార్క్స్‌బర్గ్_అమ్మ

అంకుల్ బాబీ హోల్డ్‌లో పెట్టా అక్కా, నా ముందు చాలామంది ఉన్నారు క్యూలో. అందరూ మన గ్రూపువాళ్లేనేమో.

లౌడన్_లడ్డూ

వర్జీనియా నుంచి. మాకు మీ కౌంటీలాగా జాబితా ఏదీ రాలేదు. తీర్పు మేరీల్యాండ్ ఒక్కదానికేనా? ప్రిన్సిపాల్‌కి మెయిల్ రాయాలంటే ఏమని రాయాలి?

లా_బాబాయ్

ఉత్తర్వు ఆ కేసు వరకే, కానీ సుప్రీం కోర్టు చెప్పిన సూత్రం దేశమంతా కింది కోర్టులు పాటించాలి. మెయిల్ చిన్నగా రాయండి. పిల్ల క్లాసు, టీచరు పేరు, ఏ రకమైన పాఠం గురించి ముందుగా తెలియాలనుకుంటున్నారో, మినహాయింపు కోరితే అది మీ మత విశ్వాసం వల్ల అని ఒక వాక్యం. కోర్టు పేరాలు కాపీ కొట్టకండి, ప్రిన్సిపాల్ లాయరుకి పంపేస్తారు, జవాబు నెల తర్వాత వస్తుంది. సీసీలో క్లాస్ టీచరుని పెట్టే ముందు ఆవిడతో ఒకసారి నోటిమాటగా చెప్పండి, లేకపోతే ఫిర్యాదు చేశారనుకుంటారు.

లౌడన్_లడ్డూ

ఓకే బాబాయ్, డ్రాఫ్ట్ రాసి ఇక్కడే పెడతా, ఇంగ్లీషు ఎవరైనా చూడండి.